పద్నాలుగు పాయింట్ల న్యాయం



సారు పేరిట జరుగుతున్న ఈ సభ ఆహ్వాన పత్రం మీద ఆయన పేరును ఇంటిపేరుతో, డిగ్రీలతో అందంగా అచ్చువేశారు. కానీ ఈ హాల్లో ఉన్న మన పూర్వ విద్యార్థుల్లో ఆయన్ని ఆ పేరుతో పిలిచినవాళ్లు ఎవరూ లేరు. మనకాయన డ్రిల్లు సారు. ప్రార్థన గంట కొట్టకముందే బడికి వచ్చేవారు. రాత్రి వానకు కోర్టు గీతలు చెరిగిపోయి ఉంటే బక్కెట్లో సున్నం కలిపి తనే గీసేవారు. రింగు వంగిపోతే విప్పి, సైకిలు క్యారేజీకి కట్టుకొని వెల్డింగు షాపుకు తీసుకుపోయేవారు. ఆడపిల్లలు బంతాట ఆడటమేమిటని ఊరు ముక్కున వేలేసుకుంటున్న రోజుల్లో, నన్ను ఆటకు పంపమని అడగడానికి మా ఇంటికి మూడుసార్లు వచ్చారు. మూడోసారికి మా నాయన ఆయనకు కుర్చీ వేశాడు. ఆ తరువాత ముప్పై ఏళ్లు నేను పిల్లలకు ఆటలు నేర్పి బతికానంటే ఆ మూడో రాకే కారణం.

మా తరగతిలోనే ఇంకో అమ్మాయి ఉండేది. పసితనంలో పోలియో వచ్చి రెండు కాళ్లూ సన్నబడిపోయాయి. ఆటల పీరియడులో మేమంతా కోర్టులోకి ఉరికితే ఆమె వేపచెట్టు కింద కూర్చొని మా చెప్పులకూ టిఫిను డబ్బాలకూ కాపలా కాసేది. అది సారు కంటపడింది. ఒకరోజు స్కోరు పుస్తకం తెచ్చి ఆమె ఒళ్లో పెట్టారు. మూడేళ్లపాటు మేమాడిన ప్రతి మ్యాచ్‌నూ ఆమె రాసింది. ఎవరు ఎక్కణ్ణుంచి వేస్తే బంతి పడుతుందో, ఎవరు ఎప్పుడు అలిసిపోతారో మాకంటే ఆమెకే ఎక్కువ తెలుసు.

సారు చివరి రోజుల్లో చూడటానికి వెళ్లినప్పుడు ఈ మాట ఎత్తాను. మీరు ఎంత మంచి పని చేశారు సార్ అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నారు: “పుస్తకం ఇచ్చిన గానీ బంతి ఇయ్యలేకపోతినమ్మా. ఎట్ల ఇయ్యాల్నో నాకప్పుడు తెల్వదు.”

ఆ “ఎట్ల” అనే మాట నన్ను వదల్లేదు. బంతి ఎలా ఇవ్వాలో తెలిసిన చోట ఒక ఆడపిల్ల బతుకు ఎలా సాగిందో చెప్పడమే సారుకు నేనివ్వగల నివాళి. అందుకే ఇవాళ ఒక జర్మన్ క్రీడాకారిణిని మీ ముందుకు తెస్తున్నాను.

1. బాన్ నగరపు అమ్మాయి

రైన్ నది ఒడ్డున బాన్ అనే ఊరుంది. సంగీతకారుడు బీథోవెన్ పుట్టిన ఊరు, ఒకప్పటి పశ్చిమ జర్మనీ రాజధాని. 1985 ఫిబ్రవరి 17న అనికా త్సైయెన్ అక్కడ పుట్టింది. పద్నాలుగేళ్ల వయసులో, 1999లో, గుర్రపు స్వారీలో ప్రమాదం జరిగి వెన్నుపాము దెబ్బతింది. కాళ్లు చచ్చుబడ్డాయి. అదే 1999లో అంతర్జాతీయ పారాలింపిక్ కమిటీ తన ప్రధాన కార్యాలయాన్ని అదే బాన్ నగరంలో ప్రారంభించింది. ఇందులో ముడిపెట్టడానికి ఏమీ లేదు, కాకతాళీయమే. కానీ ఒక ఇంట్లో ఒక అమ్మాయి మంచాన పడ్డ ఏడాదే, అదే ఊళ్లో ఆమెలాంటివారి ఆటలకు ఒక చిరునామా ఏర్పడిందన్న సంగతి నాకు మరపురాదు.

ఆమె వీల్‌చెయిర్ బాస్కెట్‌బాల్ పట్టుకుంది. సొంత ఊరి క్లబ్బులో మొదలై, జాతీయ జట్టులోకి వెళ్లి, 2016లో విరమించేనాటికి జర్మనీ తరఫున 382 అంతర్జాతీయ మ్యాచులు ఆడింది. ఏథెన్స్, బీజింగ్, లండన్, రియో: నాలుగు పారాలింపిక్స్‌లో ఆడి, రెండు రజతాలు, ఒక స్వర్ణం తెచ్చుకుంది. యూరప్ విజేతగా నిలిచిన జట్టులో పలుమార్లు ఉంది. 2010లో బర్మింగ్‌హామ్‌లో, 2014లో టొరంటోలో ప్రపంచ పోటీల రజతాలు అందుకుంది.

ఈ జాబితా విన్నవాళ్లు ఆమె బంతి పట్టుకుంటే బుట్టలో పడాల్సిందే అనుకుంటారు. విషయం అది కాదు. ఆ జట్టులో బుట్టలు నింపే పని ప్రధానంగా వేరేవాళ్లది. ఆమె పని వేరు. అదేమిటో అర్థం కావాలంటే ముందు ఒక చిన్న కూడిక చేయాలి. వెనక గోడకానుకొని నిలబడ్డ ఈ బడి పిల్లలూ, ఇది మీ కోసం. వేళ్ల మీద లెక్కపెడుతూ రండి.

2. కూడిక

వీల్‌చెయిర్ బాస్కెట్‌బాల్‌లో కోర్టు మన కోర్టే: 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు. రింగు ఎత్తు మన రింగు ఎత్తే, 3.05 మీటర్లు. కూర్చుని ఆడుతున్నారు కదా అని అంగుళం కూడా కిందికి దించలేదు. చక్రాలను రెండుసార్లు తోశాక బంతిని నేలకు కొట్టాలి, లేదా ఇంకొకరికి ఇవ్వాలి, లేదా బుట్టలోకి వేయాలి. ఇంతవరకూ చిన్న మార్పులే.

పెద్ద మార్పు ఇంకొకటుంది. ప్రతి క్రీడాకారిణికీ ఆమె శరీరం ఎంత పని చేయగలదో చూసి ఒక అంకె ఇస్తారు. అతి తక్కువ 1.0, అతి ఎక్కువ 4.5, మధ్యలో అరపాయింటు మెట్లు. నడుము పైభాగం తన అదుపులో లేక, ముందుకు వంగితే చేతుల ఆసరాతో తప్ప లేవలేని మనిషికి 1.0. ఒక కాలు లేకపోయినా మొండెం మీద పూర్తి పట్టు ఉండి ఎటైనా వంగి బంతి అందుకోగల మనిషికి 4.5 రావచ్చు. ఇప్పుడు అసలు నియమం వినండి. కోర్టులో ఉన్న అయిదుగురి అంకెలూ కూడితే 14 దాటకూడదు. దాటితే టెక్నికల్ ఫౌల్.

లెక్క వేయండి. 4.5, 4.0, 3.0, 1.5, 1.0 కలిపితే ఎంత? సరిగ్గా 14. ఇద్దరు 4.5 వాళ్లను పెట్టుకుంటారా? 9 అయిపోయాయి. మిగిలిన ముగ్గురికీ కలిపి 5 పాయింట్లే. అందరూ బలవంతులే ఉండాలని ఏ కోచ్ ఎంత కోరుకున్నా కుదరదు. పెద్ద అంకె కావాలంటే పక్కన చిన్న అంకె ఉండి తీరాలి.

అనికా త్సైయెన్ అంకె 1.5.

స్కోరు పుస్తకం రాసిన నా మిత్రురాలి విషయంలో మేమెవరమూ చెడ్డవాళ్లం కాదు. మాకు జాలి ఉంది, సారుకు అంతకంటే గొప్ప దయ ఉంది. కానీ ఆమె ఆడకపోయినా మా ఆట ఆగలేదు. అక్కడుంది కీలకం. ఈ కూడిక అనికాను జాలిపడి చేర్చుకోమని ఎవరినీ అడగదు. ఆమెలాంటి మనిషి లేకుండా జట్టే నిలబడనట్టు చేస్తుంది. సారు అడిగిన “ఎట్ల”కు మొదటి జవాబు ఇదే. దయకు మనిషిని బట్టి, రోజును బట్టి హెచ్చుతగ్గులుంటాయి. నియమానికి అవి లేవు.

ఈ నియమం ఊరికే ఊడిపడలేదు. నాజీల పాలనలో జర్మనీ వదిలి ఇంగ్లండుకు వెళ్లిన యూదు వైద్యుడు లుడ్విగ్ గుట్‌మన్ 1944లో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో వెన్నుపాము గాయాల విభాగాన్ని తెరిచాడు. అలాంటి గాయం తగిలిన మనిషి ఎక్కువ కాలం బతకడని లోకం అనుకుంటున్న రోజులవి. ఆయన రోగుల చేతికి విల్లు ఇచ్చాడు, బంతి ఇచ్చాడు. 1948లో ఆసుపత్రి పచ్చికలో 16 మందితో విలువిద్య పోటీ పెట్టాడు. పారాలింపిక్స్‌కు బీజం అదే. అమెరికాలో యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు అప్పటికే 1946 నుంచి చక్రాల కుర్చీల్లో బాస్కెట్‌బాల్ ఆడుతున్నారు. 1960 రోమ్ పారాలింపిక్స్‌లో పురుషులు ఆడారు. మహిళలకు ఆ అవకాశం 1968లో టెల్ అవీవ్‌లో గానీ రాలేదు.

మొదట్లో ఈ అంకెలను వైద్యులు నిర్ణయించేవారు. వెన్నుపాము ఏ ఎత్తులో తెగిందో ఆసుపత్రి మంచం మీద చూసి తరగతి రాసేవారు. 1980ల తొలినాళ్లలో కొలోన్ నగరానికి చెందిన హోర్స్ట్ స్ట్రోకెండల్ అనే ఆచార్యుడు ఆ పద్ధతిని మార్పించాడు. గాయాన్ని కాదు, ఆటను చూడండి అన్నాడు. ఈ మనిషి ఎటు వంగగలదు, ఎంతవరకు తిరగగలదు, తాకిడి తగిలితే ఎలా నిలదొక్కుకుంటుంది అన్నవి కోర్టులోనే గమనించి అంకె ఇవ్వాలన్నాడు. కాగితం మీది రోగం పోయి కోర్టులోని మనిషి ముందుకొచ్చింది. కొలోన్‌కూ బాన్‌కూ దూరం ఎంతో లేదు. అనికా పుట్టకముందే పక్క ఊళ్లో ఆమెకు చోటు సిద్ధమైంది.

3. స్కోరు పుస్తకానికి అందని ఆట

మరి 1.5 అంకె గల మనిషి కోర్టులో ఏం చేస్తుంది? నియమం పుణ్యాన పేరుకు కూర్చుంటుందా?

కాళ్ల మీద ఆడే బాస్కెట్‌బాల్‌లో ఎవరైనా అడ్డం నిలబడితే భుజం వాల్చి పక్కకు జారిపోవచ్చు. చక్రాల కుర్చీకి ఆ వీలు లేదు. కుర్చీ పక్కకు జరగలేదు. ముందుకు పోవాలి, లేదా వెనక్కి వచ్చి తిరగాలి. చక్రాలు కింద వెడల్పుగా, పైన దగ్గరగా ఏటవాలుగా ఉంటాయి కాబట్టి ఒక్కో కుర్చీ ఆక్రమించే జాగా పెద్దది. అందుకే ఒక కుర్చీ సరైన క్షణంలో, సరైన కోణంలో వచ్చి నిలబడితే అవతలి మనిషి ఎంత బలవంతురాలైనా చిక్కుకుపోతుంది. ఆటగాళ్లు దీన్ని పిక్ అంటారు, స్క్రీన్ అంటారు. మన భాషలో అడ్డుకట్ట.

1.5 పాయింట్ల మనిషి కొలువు అదే. తన జట్టులోని పొడవాటి 4.5 అమ్మాయి రింగు దాకా వెళ్లాలి. ఆమెను కాపలా కాసే ప్రత్యర్థి దారికి అడ్డంగా ఈమె వచ్చి నిలుస్తుంది. దారి తెరుచుకుంటుంది, 4.5 వెళుతుంది, బంతి పడుతుంది, హాలు హోరెత్తుతుంది. స్కోరు పుస్తకంలో రెండు పాయింట్లు 4.5 అమ్మాయి పేరున పడతాయి. దారి చేసిన మనిషి పేరుకు అక్కడ గడే లేదు.

ఇంకో ఎత్తు ఉంది. బంతి చేతులు మారగానే అందరూ అవతలి కొసకు పరుగెడతారు. అప్పుడు ఈ 1.5 మనిషి ప్రత్యర్థి జట్టులోని అతి పెద్ద ఆటగత్తెను వెతికి, ఆమె కుర్చీకి తన కుర్చీ అడ్డుపెట్టి, అక్కడే కట్టిపడేస్తుంది. ఆ పెద్ద మనిషి విడిపించుకుని వచ్చేలోగా అవతలి కొసలో నలుగురికి నలుగురే. అందులో ప్రత్యర్థికి మిగిలినవాళ్లు చిన్నవాళ్లు. ఒక 1.5 మనిషి ఒక 4.5 మనిషిని ఆటలోంచే తీసేసిందన్నమాట. పాయింట్ల లెక్కలో ఇంతకంటే లాభసాటి బేరం ఉంటుందా?

ఇదంతా కండబలంతో అయ్యేది కాదు. తాకిడికి మొండెం నిలవని మనిషి కదా. అందుకే కుర్చీ ఆమె శరీరానికి కొలిచి చేసినదై ఉండాలి. తక్కువ పాయింట్ల వాళ్లు సీటు వెనకభాగం లోతుగా, మోకాళ్లు ఎత్తుగా ఉండేటట్టు కూర్చుంటారు. అలా కూర్చుంటే ఒరిగిపోరు. నడుముకూ తొడలకూ పట్టీలు బిగిస్తారు. వెనక్కి పడకుండా వెనకవైపు చిన్న చక్రం ఉంటుంది. మంచి కుర్చీ మనిషికి తొడుగులా అంటుకుపోతుంది. ఆ తరువాతది చూపు. అవతలి మనిషి ఎటు పోబోతున్నదో ఆమె కదలకముందే కనిపెట్టాలి. మరీ ముందే చేరితే అవతలి మనిషి తిరిగి వేరే దారి పట్టుకుంటుంది, అర చక్రం ఆలస్యమైతే ఫౌలు.

ఇది చదివి తెలుసుకున్నాక నేను నా పాత శిష్యుల ఆటలన్నీ మనసులో మళ్లీ వేసుకుని చూశాను. పాయింట్లు వేసినవాళ్ల పేర్లే నాకు గుర్తున్నాయి. వాళ్లకు దారి చేసినవాళ్లు ఎవరు? ఒక గురువుగా ఇది నన్ను బాధపెట్టింది. వేపచెట్టు కింద కూర్చున్న నా మిత్రురాలు మాత్రం మా స్కోరు పుస్తకంలో పాయింట్ల పక్కన చిన్న అక్షరాలతో “బంతి ఫలానా అమ్మాయి ఇచ్చింది” అని రాసేది. ఎవరూ రాయమనలేదు. తనకే తోచింది.

4. నియమం ఒక్కటే చాలదు

రెండో జవాబుకు వస్తాను. పద్నాలుగు పాయింట్ల నియమం చోటు ఇస్తుంది. ఆ చోటులోకి చేరే దారి ఇవ్వదు. దారికి ఊళ్లో క్లబ్బు కావాలి, కుర్చీ కావాలి, చదువు కావాలి.

అనికాకు మొదటి మెట్టు ఊరి క్లబ్బు. తరువాతి ఏళ్లలో వెట్జ్‌లార్‌లోని ఆర్‌ఎస్‌వీ లాన్-డిల్‌కు ఆడింది. జర్మనీ వీల్‌చెయిర్ బాస్కెట్‌బాల్‌లో దిట్టమైన పేరున్న క్లబ్బు అది. హాంబర్గ్ క్లబ్బుకూ ఆడింది. మీరు గమనించాల్సిందేమిటంటే, జర్మనీ లీగులో ఆడవాళ్లూ మగవాళ్లూ ఒకే జట్టులో కలిసి ఆడతారు. ఆడవాళ్ల అంకెలో కొంత తగ్గింపు ఇస్తారు. అంటే ఒక మహిళను కోర్టులోకి దించితే జట్టుకు ఆ మేరకు పాయింట్లు మిగులుతాయి. ఇక్కడా అదే సూత్రం: ఆడవాళ్లను చేర్చుకోండి అని బతిమాలలేదు, చేర్చుకుంటే లాభం ఉండేటట్టు లెక్క రాశారు. ఫలితంగా వారం వారం తనకంటే వేగమైన, బరువైన మగవాళ్లకు అడ్డుకట్ట వేసి రాటుదేలిన అమ్మాయిలు జాతీయ మహిళా జట్టుకు దొరికారు.

ఇంకో మెట్టు సముద్రం అవతల ఉంది. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో తిమోతీ న్యూజెంట్ 1948లోనే వికలాంగ విద్యార్థుల కోసం కార్యక్రమం ఆరంభించాడు. అలబామా విశ్వవిద్యాలయంలో బ్రెంట్ హార్డిన్, మార్గరెట్ స్ట్రాన్ దంపతులు 2003లో మహిళల వీల్‌చెయిర్ జట్టుతో అలాంటి పనికే పునాది వేశారు. అనికా అక్కడ ఉపకారవేతనంతో చదువుకుంటూ ఆడింది. 2009, 2010, 2011: వరసగా మూడేళ్లు ఆ జట్టు జాతీయ విజేత.

ఉపకారవేతనం అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగుతాను. బాగా పరుగెత్తే పిల్లకు కాలేజీలో సీటు ఇవ్వడం మనకు తెలుసు. చక్రాల కుర్చీలో బాగా అడ్డుకట్ట వేసే పిల్లకు, ఆ నైపుణ్యం చూసి, దేశం కాని దేశం నుంచి పిలిచి చదువు చెప్పించిన విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. అక్కడ ఆమె సాయం పొందే మనిషి కాదు, ఆ సంస్థకు పేరు తెచ్చే మనిషి. ఈ తేడా ఈ హాల్లో ఉన్న తల్లిదండ్రులకు అర్థం కావాలని నా కోరిక.

5. బీజింగ్ నుంచి లండన్ దాకా

ఏథెన్స్‌లో, 2004లో, జర్మనీ మహిళలకు పతకం రాలేదు. అనికాకు అప్పుడు పందొమ్మిదేళ్లు. 2008లో బీజింగ్‌లో ఫైనల్‌కు చేరి అమెరికా చేతిలో ఓడారు. 2010 ప్రపంచ పోటీల్లోనూ రజతమే, అప్పుడూ గెలిచింది అమెరికాయే. రెండో స్థానం ఎంత బరువో ఆటలాడినవాళ్లకు తెలుసు. కంచు గెలిచినవాళ్లు చివరి మ్యాచ్ గెలిచి ఇంటికి పోతారు, వెండి తెచ్చుకున్నవాళ్లు చివరి మ్యాచ్ ఓడి పోతారు.

2012 సెప్టెంబరు 7. లండన్‌లో నార్త్ గ్రీనిచ్ హాలు. ఎదురుగా ఆస్ట్రేలియా. పన్నెండు వేలకు పైగా జనం. కోచ్ హోల్గర్ గ్లినిక్కి తీర్చిదిద్దిన జర్మనీ జట్టు 58-44 తేడాతో గెలిచింది. 1984లో పశ్చిమ జర్మనీ మహిళలు గెలిచిన తరువాత, 28 ఏళ్లకు మళ్లీ వచ్చిన స్వర్ణం అది. 1984లో చక్రాల కుర్చీ పోటీలు ఎక్కడ జరిగాయో తెలుసా? స్టోక్ మాండెవిల్‌లో. గుట్‌మన్ రోగుల చేతికి బంతి ఇచ్చిన చోటనే. ప్రాణం దక్కించుకోవడానికి జర్మనీ విడిచిన వైద్యుడు ఇంగ్లండులో నాటిన చెట్టు కిందికి, జర్మనీ ఆడపిల్లలు రెండుసార్లు వచ్చి స్వర్ణం తీసుకుపోయారు. చరిత్రలో ఇలాంటి చోట మాట పెగలదు. అప్పటి దేశాధ్యక్షుడు యోఆకిమ్ గౌక్ ఆ జట్టుకు జర్మనీలో క్రీడలకిచ్చే అత్యున్నత పురస్కారం, వెండి లారెల్ ఆకు, అందించాడు.

ఆ తరువాత 2014లో టొరంటోలో ఆతిథ్య దేశం కెనడా చేతిలో ఫైనల్ ఓటమి. 2016లో రియోలో మళ్లీ అమెరికా చేతిలో 62-45తో ఫైనల్ ఓటమి. ఈ బతుకులో గెలుపు ఒకసారి శిఖరం ఎక్కింది, దానికి ముందూ వెనకా దాదాపు శిఖరం దాకా వెళ్లి దిగిరావడమే ఉంది. కానీ ఎనిమిదేళ్లలో మూడు పారాలింపిక్ ఫైనళ్లు ఆడిన జట్టులో ప్రతిసారీ ఆమె ఉంది. ఒకనాటి మెరుపుకు అది కుదరదు. దారిచేసే మనుషులు గట్టిగా ఉన్న జట్టుకే అంత నిలకడ వస్తుంది.

6. ఒంటరి దారి, ఒక హెచ్చరిక

రియో తరువాత ఆమె బాస్కెట్‌బాల్ వదిలింది. చేతులతో తొక్కే సైకిలు, హ్యాండ్‌బైక్, ఎక్కింది. దాదాపు వెల్లకిలా పడుకొని, కళ్ల ముందున్న పెడళ్లను రెండు చేతులా తిప్పుతూ పోయే బండి అది. 2019లో నెదర్లాండ్స్‌లోని ఎమెన్‌లో ప్రపంచ విజేత అయింది. 2021 ఆగస్టులో, టోక్యో క్రీడల్లో, ఫ్యూజీ స్పీడ్‌వే మీద టైమ్ ట్రయల్ స్వర్ణం గెలిచింది. అక్కడ పక్కన ఎవరూ ఉండరు. గడియారమూ, రోడ్డూ.

మీలో ఎవరికైనా అనుమానం రావచ్చు: ఇన్నాళ్లూ ఇంకొకరికి దారి చేసిన మనిషికి ఇదేమిటి అని. ఆమె ఒక్కతే కాదు. లండన్ జట్టులో తోటి క్రీడాకారిణి ఎడీనా ముల్లర్ కూడా టోక్యోలో పడవ నడిపే పోటీలో, ఒంటరిగా, స్వర్ణం గెలిచింది. ఒకే జట్టులోంచి ఇద్దరు, రెండు వేరే ఆటల్లో శిఖరం ఎక్కారు. నాకైతే ఇది నేను చెప్పిన వాదనకు బలమే. జట్టు వాళ్లను తనకు కట్టేసుకోలేదు. పదేళ్లకు పైగా తమ అవసరం ఉన్న చోట బతికిన మనుషులకు తమ శరీరం మీద ఏర్పడే నమ్మకం ఎంతదో ఆ రెండు పతకాల్లో కనిపిస్తుంది.

హెచ్చరిక కూడా చెప్పాలి. అంకెల న్యాయం ఒకసారి రాసి గోడకు తగిలిస్తే సరిపోదు. 2020లో అంతర్జాతీయ పారాలింపిక్ కమిటీ, వీల్‌చెయిర్ బాస్కెట్‌బాల్ నిబంధనలు తమ అర్హతా నియమావళికి సరిపోవడం లేదని తేల్చి, 4.0, 4.5 తరగతుల వారిని మళ్లీ పరీక్షించమంది. ఏళ్ల తరబడి ఆడినవాళ్లలో కొందరు ఒక్కరోజులో అనర్హులైపోయారు. వాళ్ల దుఃఖం చిన్నది కాదు. ఎవరు లోపల, ఎవరు బయట అని గీసే ప్రతి గీతా ఎవరో ఒకరి బతుకు మీదుగా పోతుంది. మన సారు వాన పడ్డప్పుడల్లా గీతలు మళ్లీ గీసినట్టు, నియమాలు రాసేవాళ్లు కూడా మనుషులను చూసి మళ్లీ మళ్లీ గీస్తూనే ఉండాలి.

7. మన వాకిలి

ఇదంతా జర్మనీ సంగతి, మనకేమిటి అనుకోకండి. భారతదేశంలో ఈ ఆటకు సంఘం కట్టిన మనిషి మన సత్తుపల్లి ఆడపడుచు. మాధవీలత పసిబిడ్డగా ఉన్నప్పుడే పోలియో బారిన పడ్డారు. చదువుకొని, ఉద్యోగం చేసి, నలభైకి దగ్గరయ్యాక ఆరోగ్యం కోసం నీళ్లలోకి దిగి, ఈతలో జాతీయ పతకాలు గెలిచారు. ఆ తరువాత చెన్నై కేంద్రంగా భారత వీల్‌చెయిర్ బాస్కెట్‌బాల్ సమాఖ్యను నిలబెట్టారు. నేను ఆడాను, చాలు అనుకోకుండా మిగతావాళ్లకు దారి చేశారు. మనం ఇందాక చెప్పుకున్న అడ్డుకట్ట పని అదే.

ఆ దారిలో నడిచినవాళ్లలో కశ్మీర్‌లోని బారాముల్లా అమ్మాయి ఇష్రత్ అఖ్తర్ ఒకరు. 2019లో ఆమె భారత జట్టుకు ఎంపికైన సమయానికి అక్కడ ఫోన్లు పనిచేయడం లేదు. కబురు చేరే మార్గం లేక, కోచ్ అడగ్గా సైనికులు ఆమె ఊరు వెతుక్కుంటూ వెళ్లి చెప్పారు. అంతమంది కలిసి ఒక అమ్మాయిని కోర్టు దాకా చేర్చారు.

2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో నాలుగు శాతం కేటాయించింది, 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అంటే మనకూ నియమం ఉంది. మనకు లేనిది ఊరి క్లబ్బు. కొలిచి చేసిన కుర్చీ లేదు. ఆ కుర్చీ తిరగగల చదునైన నేల లేదు.

నేల అన్నాను కాబట్టి చివరి మాట చెప్పి ముగిస్తాను.

స్కోరు పుస్తకం రాసిన నా మిత్రురాలు ఇవాళ ఈ సభలో ఉంది. మొదటి వరసలో, ఎడమ కొసన. ఈ హాలుకు ఏడు మెట్లున్నాయి. పొద్దున నలుగురు పిల్లలు కుర్చీతో సహా ఆమెను ఎత్తి లోపలికి తెచ్చారు. ఆ పిల్లలకు నా ఆశీస్సులు. కానీ పిల్లలూ, మెట్ల మీద ఆమె కళ్లు మూసుకొని కుర్చీ చేతులు గట్టిగా పట్టుకోవడం నేను చూశాను. మీ చేతులు మంచివే. రేపు మీరు లేకపోతే?

నిర్వాహకులకు రెండు విన్నపాలు. ఈ ఉపన్యాసానికి మీరిచ్చే పారితోషికాన్ని ఆ మెట్ల పక్కన వాలుదారి కట్టడానికి మొదటి చందాగా జమ చేసుకోండి. అది పూర్తయ్యేదాకా సారు పేరిట జరిగే ఈ సభను హాల్లో పెట్టకండి, కింద ఆయన సున్నంతో గీసిన కోర్టులో పెట్టండి. అక్కడ మెట్లు లేవు. వచ్చే ఏడు మనమంతా ఆ నేల మీదే కూర్చుందాం. ఒక బంతి కూడా తెప్పించండి. సారు ఇవ్వలేకపోయానన్న బంతి. ఎవరి చేతికివ్వాలో మీకు తెలుసు.